మాస్టారి పానాలు, నోటుపుస్తకాలు

సంస్మరణ సంచిక అనగానే మనవాళ్ళ దగ్గర ఒక అచ్చు తయారుగా ఉంటుంది. దండ వేసిన ఫొటో, నలుగురు పెద్దల సందేశాలు, ఆ తరవాత ‘మృదుభాషి, నిగర్వి, శిష్యుల పాలిటి కల్పవృక్షం’. పేరు మార్చి ఇంకో మాస్టారికి వేసినా ఎవరూ పట్టుకోలేరు. మా లెక్కల మాస్టారు పోయాక పాత విద్యార్థులం కలిసినప్పుడు మొదట అనుకున్నది ఇదే. ఆయన ఎలాంటివారో రాయొద్దు. ఏం చేశారో, ఎలా చేశారో రాద్దాం. ఒడిశాలో పర్లాకిమిడి చుట్టుపక్కల, మహేంద్రతనయ నదికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళకన్నా, ఆయన బాగుచేసిన బోరింగు నీళ్ళు తాగినవాళ్ళే ఎక్కువ. పాఠమూ పానా రెండూ ఒకే పుస్తకంలోకి రావాలి.

మా ఆంధ్రా-ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఇలాంటి మాస్టార్లు ఇంకా ఉన్నారు. వాళ్ళ కోసం ఈ పని తలపెట్టేవాళ్ళకి పనికొస్తుందని, ఏది ముందు చేశాం, ఏది తరవాత చేశాం, ఎక్కడ చిక్కు పడుతుంది అన్నది రాస్తున్నాను.

మొదటి జాగ్రత్త పెట్టె గురించి. పన్నెండో రోజు దాటాక ఇల్లు కడుగుతారు, సున్నం వేస్తారు, అటక దులుపుతారు. పాత నోటుపుస్తకాలు కాగితాల బేరగాడి తక్కెట్లోకి వెళ్ళేది సరిగ్గా అప్పుడే. ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు అని ఇంట్లోవాళ్ళు ఏరకముందే ట్రంకు పెట్టెని ఉన్నదున్నట్టు అడిగి తెచ్చుకోవాలి. మూత తీసి, పుస్తకాలు ఉన్న వరస ఫొటో తీశాకే లోపల చెయ్యి పెట్టాలి. మా మాస్టారు నెలా తేదీ వేసేవారు గానీ సంవత్సరం వేసేవారు కాదు. ఏ పుస్తకం మీద ఏ పుస్తకం ఉందన్నదే చాలాచోట్ల సంవత్సరానికి ఆధారమైంది.

చెమ్మపట్టిన పుస్తకాన్ని ఎండలో పెట్టకూడదు. కాగితం పెళుసెక్కుతుంది, సిరా వెలుస్తుంది. నీడలో, గాలి ఆడేచోట పుస్తకాన్ని నిలబెట్టి, పేజీలు కొద్దిగా విచ్చుకునేలా ఉంచితే చాలు. దుమ్ముని గుడ్డతో తుడిస్తే కాగితంలోకి ఇంకా అణుగుతుంది. మెత్తటి పెయింటు బ్రష్షుతో మడతలోంచి బయటికి నెట్టాలి. ఫౌంటెన్ పెన్ను రాతకి తడి చెయ్యి తగిలినా పోతుంది, బాల్ పెన్ను రాత కొంత తట్టుకుంటుంది. తుప్పుపట్టిన పిన్నుని లాగితే కాగితం చిరుగుతుంది. వెనక కాళ్ళు నిటారుగా లేపి, పిన్నుకీ కాగితానికీ మధ్య పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి మెల్లగా తియ్యాలి. చిరిగినచోట సెల్లోటేపు వేస్తే కొన్నేళ్ళకి టేపు ఊడుతుంది, జిగురు మరక మాత్రం ఉండిపోతుంది. పల్చటి కాగితం పట్టీ, మైదా జిగురు మేలు. బైండరు వాడే జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. కొత్త బైండింగుకి అది బాగుంటుంది గానీ పాత కాగితానికి పుయ్యకండి, రాగి కాగితాన్ని తినేస్తుంది.

ఫొటోలకి స్కానరే అక్కర్లేదు. వరండాలో నీడపట్టున, ఫ్లాష్ ఆపి, పేజీకి సమాంతరంగా పట్టుకుంటే ఫోను చాలు. చేతులు వణక్కుండా, ఎత్తుగా పేర్చిన పుస్తకాల అంచు మీద ఫోనుని బోర్లా పెట్టి కెమెరా బయటికి వచ్చేలా చూసుకోవాలి. ప్రతి పేజీ పక్కనా స్టీలు స్కేలు పడాలి, లేకపోతే ఆయన గీసిన బొమ్మల అసలు సైజు తరవాత తెలీదు. అట్ట, ఖాళీ పేజీలు, అట్ట లోపలి లెక్కలు అన్నీ తియ్యాలి. సామాను ధరలు చాలావరకు అట్ట లోపలే ఉన్నాయి.

చదవడం మొదలెట్టాకే అసలు పని తెలిసింది. స్కూలు వ్యవహారం ఒడియాలో, మరమ్మతులు తెలుగులో రాసేవారు. మరమ్మతుల పుస్తకంలో మాటలు తక్కువ, అంకెలు ఎక్కువ. ‘ముం 10+10, వె 9+9’ అని పేజీల నిండా ఉంది. దాని కింద ‘32, 40’. లెక్కల మాస్టారు కదా, మార్కులేమో అనుకున్నవాళ్ళున్నారు. సైకిలు షాపతను ఒక్కసారి చూసి చెప్పేశాడు. పాత పెద్ద సైకిలు ముందు చక్రం హబ్బులో పక్కకి 10 బాల్సు, వెనక చక్రంలో పక్కకి 9. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనకదానికి 40. ఇలాంటి నోటుపుస్తకాలు చదివించుకోవాల్సింది ఆ పని చేసేవాళ్ళ దగ్గరే. పెద్ద చదువులు చదివినవాళ్ళకి చూపించడం కాలహరణం.

అదే పుస్తకంలో ఒక లెక్క ఉంది. ‘బాల్సు గ్రోసు 144. ఒక సైకిలుకి 38. ఎన్ని సైకిళ్ళు?’ పిల్లలు మూడు సైకిళ్ళు, 30 బాల్సు మిగులు అని చెప్పేవాళ్ళట. అప్పుడు ముందు బాలు, వెనక బాలు చేతిలో పెట్టేవారు. ముందుది మూడు బై పదహారు అంగుళం, వెనకది పావు అంగుళం. ఒకే గ్రోసుతో ఒక్క సైకిలు కూడా పూర్తికాదు. భాగహారం తప్పలేదు, సామాను చూడకుండా లెక్క వెయ్యడం తప్పు. ఈ లెక్కని పుస్తకంలో జవాబు లేకుండా వేశాం, జవాబు వెనక పేజీలో ఉంది.

బాల్సు గురించి ఆయన రాసుకున్న హెచ్చరిక కూడా ఇచ్చాం. బాల్సు కూర్చునే కప్పు నిండాలని ఇంకో బాలు కుక్కితే ఒకదాన్నొకటి రాసుకుని, వాటిని పట్టి ఉంచే కోను మీద గుంటలు పడతాయి. చివరి బాలుకీ మొదటి బాలుకీ మధ్య కొంచెం సందు ఉండాలి, ఇంకో బాలు పట్టేంత మాత్రం ఉండకూడదు. కోను బిగించాక చక్రం ఎత్తి వదిలితే, ట్యూబు వాల్వు ఉన్న వైపు దాని బరువుకే కిందికి రావాలి. రాలేదంటే బిగువు ఎక్కువైందన్నమాట.

తక్కెడ పేజీ ఇంకా బాగుంటుంది. స్కూలికి తూకపు రాళ్ళు కొనే డబ్బు లేక నాణాలే రాళ్ళుగా వాడారు. 1992 నుంచి వచ్చిన పదకొండు మూలల రెండు రూపాయల బిళ్ళ 6 గ్రాములు, అప్పటి మందపాటి అయిదు రూపాయల బిళ్ళ 9 గ్రాములు. ఒకటి ఈ పళ్ళెంలో, ఒకటి ఆ పళ్ళెంలో వేస్తే 3 గ్రాములు తూచవచ్చు. ఆ రెండు రకాల బిళ్ళలతోనే మూడు గుణిజాలన్నీ వస్తాయి. తరవాత వచ్చిన స్టీలు నాణాల బరువు వేరు, ఎవరైనా చెయ్యాలనుకుంటే పాతవే వెతుక్కోవాలి.

నల్లబల్ల గురించి ఒక్క వాక్యమే రాసుకున్నారు. బొగ్గు మెత్తగా నూరి, గుడ్డలో జల్లించి, దొండాకు పసరుతో కలిపి పుయ్యడం, ఆరాక రెండో పూత. జల్లించకపోతే బల్ల గరుకై సుద్దముక్క తొందరగా అరిగిపోతుంది.

ఇక బోరింగు. పేజీలన్నిట్లో సగం ఇవే. మన ఊళ్ళలో బోరింగు అని పిలిచేది ఇండియా మార్క్-2 చేతిపంపుని. దాని పుట్టుక మహారాష్ట్రలో ఉంది. జాల్నా పంపు, దాని తరవాత షోలాపూర్ పంపు, ఆ నమూనా మీద యునిసెఫ్, కేంద్ర ప్రభుత్వం, రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కంపెనీ కలిసి 1970లలో దీన్ని తయారుచేశాయి. 1979లో ఐఎస్ 9301 అనే ప్రమాణం వచ్చింది. ఏ ఫ్యాక్టరీది కొన్నా విడిభాగాలు సరిపోవడం ఆ ప్రమాణం పుణ్యమే. ఒక ఊరి పంపు ముక్క ఇంకో ఊరికి అతికించి మాస్టారు నెట్టుకురాగలిగింది అందువల్లే.

ఆయన నోట్సుని కూర్చుని చదివి అచ్చువేస్తే తప్పులు పోతాయి. అందుకని నీళ్ళు తగ్గిపోయిన ఒక పంపుని, పంచాయతీని అడిగి, బోరింగులు చూసే మెకానిక్‌ని వెంటపెట్టుకుని, మాస్టారి వరస ప్రకారమే విప్పించి రాసుకున్నాం. ఫొటో తీసేవాళ్ళొకరు, రాసుకునేవాళ్ళొకరు వేరుగా ఉండాలి. పైపులు ఎత్తే చేతులు ఈ పనికి దొరకవు.

విప్పకముందే రోగం తెలియాలని ఆయన సూత్రం. హ్యాండిల్ పట్టుకుని చూసే పరీక్షలు ఒక పేజీ నిండా ఉన్నాయి. అయిదారు దెబ్బలు కొట్టాక గానీ నీళ్ళు రావు, వచ్చాక ధార బాగానే ఉంటుంది అంటే బోరులో పైపుల అడుగున ఉండే సిలిండరు కింద, నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే ఫుట్ వాల్వు కారుతోంది, లేదా ఏదో పైపు జాయింటు కారుతోంది. మొదటి దెబ్బకే వస్తాయి గానీ ధార సన్నం అంటే సిలిండరులో ఆడే పిస్టనుకి ఉన్న గిన్నెలాంటి బకెట్ వాషర్లు అరిగాయి. హ్యాండిల్ గాలిలో ఊపినట్టు తేలిగ్గా ఉండి చుక్క రాకపోతే హ్యాండిల్‌కీ పిస్టనుకీ మధ్య రాడ్డు తెగిందో ఊడిందో. హ్యాండిల్ బరువు మామూలుగానే ఉండి నీళ్ళు లేకపోతే నీటిమట్టం సిలిండరు కిందికి పోయింది, ఇంకో పైపు దింపాలి. హ్యాండిల్ పైకెత్తినప్పుడు లోపల గొలుసు మడతపడుతుంటే వాషరు బిగుసుగా ఉంది. ఈ పంపులో పిస్టను కిందికి దిగేది రాడ్ల బరువుకే, నెట్టే బలం వేరే లేదు. హ్యాండిల్ పక్కలకి ఊగితే 6204 నంబరు బేరింగులు రెండూ మార్చాలి, ఒకటి మార్చి ఒకటి ఉంచితే కొత్తది కూడా తొందరగా పోతుంది.

ధార కొలవడానికి 40 దెబ్బల పరీక్ష. ఇదే ఏడో తరగతి స్థూపం ఘనపరిమాణం పాఠం కూడా. సిలిండరు లోపలి వ్యాసం 63.5 మిల్లీమీటర్లు, పిస్టను కదిలేది 125 మిల్లీమీటర్లు. లెక్క కడితే దెబ్బకి 0.4 లీటరుకి కాస్త తక్కువ, 40 దెబ్బలకి 15.8 లీటర్లు. పిల్లలు లెక్క కట్టాక బకెట్టు పట్టుకుని బోరింగు దగ్గరికి నడిచేవాళ్ళు. మంచి పంపుకి కూడా 15.8 రాదు, ఎందుకంటే వాల్వు మూసుకునేలోపు ప్రతి దెబ్బకీ కొన్ని నీళ్ళు వెనక్కి జారతాయి, పిల్లలు పూర్తి దెబ్బ కొట్టరు కూడా. 12 లీటర్లకన్నా తగ్గితే ఆయన పానా తీసేవారు.

దీనికి పక్కనే ఇంకో లెక్క ఉంది. నీటిమట్టం 30 మీటర్ల లోతున ఉంటే పిస్టను మీద పడే నీటి భారం 95 కిలోలు. హ్యాండిల్ 8 రెట్ల తులాదండం కాబట్టి చేతికి తగిలేది 12 కిలోలు, దాంతోపాటు రాడ్ల బరువులో ఎనిమిదో వంతు. హ్యాండిల్ని డొల్ల గొట్టంతో చెయ్యకుండా నిండు ఇనప కడ్డీతో ఎందుకు చేశారో ఈ లెక్కతో తేలిపోతుంది. ఆ కడ్డీ బరువే సగం పని చేస్తుంది. విరిగిన హ్యాండిల్ స్థానంలో పైపు ముక్క వెల్డింగు చేస్తే నీళ్ళు తోడడం ఆడవాళ్ళకి నరకం అవుతుందని కింద గీత గీసి మరీ రాశారు.

విప్పే వరస ఇలా ఉంది. ముందు మూత తీసి, హ్యాండిల్ కిందికి నొక్కి రాడ్డుని పైకి తెచ్చి, అది జారకుండా వైసుతో పట్టించాలి. హ్యాండిల్ ఎత్తితే గొలుసు వదులవుతుంది. గొలుసు బోల్టు ఊడదీసి, ఇరుసు తీసి, హ్యాండిల్ బయటికి. తరవాత తల భాగం, దాని కింద నీళ్ళ ట్యాంకు. ట్యాంకుకి పైపుల వరస మొత్తం వేలాడుతూ ఉంటుంది. ఇక్కడే ప్రమాదం. 32 మిల్లీమీటర్ల జీఐ పైపు మీటరుకి 3 కిలోల పైమాట. 3 మీటర్ల పైపులు పది దిగితే పైపులే 95 కిలోల దాకా. 12 మిల్లీమీటర్ల రాడ్లు 27 కిలోలు. ఫుట్ వాల్వు బాగుంటే పైపు నిండా నిలిచిన నీళ్ళు ఇంకో 30 కిలోలు. మొత్తం ఒకటిన్నర క్వింటాలు బోరులో వేలాడుతోందని తెలియకుండా ఇద్దరితో ఎత్తిస్తే వరస మొత్తం లోపలికి జారుతుంది. తరవాత దాన్ని గేలం వేసి పైకి లాగడం కొత్త బోరు వేసినంత పని. కనీసం నలుగురు, బోరు మూతి దగ్గర క్లాంపు, క్లాంపు బిగిశాకే పైన చేతులు వదలడం. ఈ మాట ఆయన ప్రతి పుస్తకంలోనూ మళ్ళీ రాశారు.

క్లాంపు లేని రోజుల్లో ఆయన చేసుకున్నది చింతచేవ దిమ్మలు రెండు. మధ్యలో పైపు పట్టేలా అర్ధచంద్రాకారంగా చెక్కి, అటూ ఇటూ బోల్టులు వేశారు. గాడి నున్నగా ఉంటే తడి పైపు జారుతుందని ఆకురాయితో అడ్డంగా గీతలు పెట్టారు. ఆ దిమ్మల్ని కొలతలతో బొమ్మ గీయించి అచ్చువేశాం.

పైపు విప్పేటప్పుడు రెంచిని పైపు కొసనున్న మరకి చాలా దగ్గరగా పట్టిస్తే గొట్టం మూతి నొక్కుకుపోతుంది, తిరిగి బిగించినప్పుడు మర సరిగ్గా కూర్చోదు. కాస్త దూరం వదిలి పట్టించాలి. మరలు వైరు బ్రష్షుతో కడిగి, సఫేదా రాసి, జనపనార పోగు మర తిరిగే వైపే చుట్టాలి, ఎదురుగా చుడితే బిగించేకొద్దీ పోగు బయటికి వచ్చేస్తుంది. తినేసిన మరకి ఎంత నార చుట్టినా ఆరు నెలలే, ఆ కొస కోసి కొత్త మర వేయించాలి. తిరిగి బిగించాక గొలుసుకి గ్రీజు, బోల్టుకి కొత్త నట్టు. నైలాన్ పట్టీ ఉన్న నట్టు ఒకసారి విప్పాక పట్టు తగ్గుతుంది. చివర్న బ్లీచింగ్ నీళ్ళు పోసి, కొంతసేపు ఆగి, వాసన పోయేదాకా కొట్టి పారబోయాలి. తరవాత వచ్చిన మార్క్-3 పంపుకి 65 మిల్లీమీటర్ల పైపు ఉంటుంది కాబట్టి పైపులు కదపకుండా రాడ్లతోనే పిస్టను పైకి వచ్చేస్తుంది. ‘ఇది ముందే ఎందుకు చెయ్యలేదో’ అని ఆయన పక్కన రాసుకున్నారు.

రబ్బరు వాషర్లు దొరకని కాలంలో తోలువి స్వయంగా చేసేవారు. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న, చెట్టు బెరడుతో పదును చేసిన తోలు గుండ్రంగా కోసి, రాత్రంతా నీళ్ళలో నానేసి, రెండు ఇనప రింగుల మధ్య బోల్టుతో కొంచెం కొంచెంగా బిగించి గిన్నె ఆకారం తెచ్చేవారు. ఒక్కసారే బిగిస్తే మూల దగ్గర తోలు పగులుతుంది. ఆరాక అంచు సమంగా కోసి ఆముదంలో ఉంచేవారు. రింగులు పెట్టెలోనే దొరికాయి. పక్కఊరి చెప్పులు కుట్టే పెద్దాయన వాటిని చూసి, తోలు తడిగా ఉన్నప్పుడు ఏ వైపు లోపలికి రావాలో చూపించాడు. నున్నటి వైపు గొట్టాన్ని రాసుకోవాలట. నోటుపుస్తకంలో ఈ సంగతి లేదు.

పనిముట్ల దగ్గరికి వస్తే, ఉత్సాహవంతులు చేసే మొదటి నష్టం తుప్పు వదలగొట్టి రంగు వెయ్యడం. రంగు వేసిన సుత్తి బొమ్మల కొలువులో బొమ్మలా ఉంటుంది గానీ, అది ఎవరి చేతిలో ఎలా అరిగిందో కనిపించదు. తేలిక తుప్పుకి కిరసనాయిలులో నానబెట్టి వైరు బ్రష్షు. మొండి తుప్పుకి చింతపండు గుజ్జు పనిచేస్తుంది, కానీ కడిగిన వెంటనే తుడిచి వేడి చెయ్యకపోతే గంటలో మళ్ళీ ఎర్రబడుతుంది. తరవాత కుట్టుమిషను నూనె పల్చగా రాయాలి. గ్రైండరు మాత్రం తాకించకూడదు, పిడుల దగ్గర, పానాల మెడమీద ఆయన సుమ్మెటతో కొట్టుకున్న గుర్తులు ఉంటాయి. చెక్క పిడికి అవిసె నూనె. ప్రతి వస్తువుకీ గుడ్డపట్టీ కట్టి నంబరు వేశాం, అదే నంబరు నోటుపుస్తకం పేజీకి కూడా. కొన్నది, చేసుకున్నది, మార్చుకున్నది అని మూడు రకాలు. చేసుకున్నవే పుస్తకంలోకి ఎక్కించాం. కొన్న పానా ఎవరి దగ్గరైనా ఉంటుంది.

తేదీలు తేల్చడం వేరే విద్య. మన ఊళ్ళలో సంవత్సరం అడిగితే ఎవరూ చెప్పరు, వరదకి ముందా వెనకా అని అడిగితే వెంటనే చెబుతారు. 1980 సెప్టెంబరులో వంశధార పొంగి గుణుపురాన్ని ముంచింది. 1999 అక్టోబరులో రెండు తుపాన్లు రెండు వారాల్లోపే వచ్చాయి, మొదటిది గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, రెండోది పారాదీప్ వైపు వెళ్ళిన మహా తుపాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2018 అక్టోబరు 11న తిత్లీ. నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే చిన్నబండి, అంటే నారోగేజి రైలు, 2004లో ఆగింది. ఇవన్నీ ఒక పొడుగు కాగితం మీద గీత గీసి రాసుకుని, ఎవరు ఏం చెప్పినా ఆ గీతమీద ఎక్కడ పడుతుందో గుర్తుపెట్టాం. కాగితాలకి ఇంకో ఆనవాలు ఉంది. గజపతి జిల్లా 1992 అక్టోబరు 2న గంజాంలోంచి విడిపోయింది. చిరునామాలో గంజాం జిల్లా అని ఉంటే అంతకు ముందుదన్నమాట. అయితే పాత లెటర్‌హెడ్లు అయిపోయేదాకా వాడతారు గనక, ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ చూసుకోవాలి.

పుట్టినతేదీకి పెన్షను ఆర్డరు, సర్వీసు పుస్తకం మొదటి పేజీ. అప్పట్లో ఒడిశాలో పదవీ విరమణ 58 ఏళ్ళకి, 60 చేసింది 2014లో. నెల చివరి రోజున దిగిపోవడం రివాజు, ఒకటో తారీఖున పుట్టినవాళ్ళు మాత్రం ముందు నెల చివరి రోజునే దిగుతారు. కాగితంలో జూలై 1 అని కనిపిస్తే అది బళ్ళో వేసిన తేదీ కావచ్చునని అనుమానించాలి. ఇంట్లో చెప్పే పండగ, తిథి వేరేగా ఉంటే రెండూ వెయ్యాలి. సర్వీసు పుస్తకం నకలు ఇంట్లో లేకపోతే వారసుల సంతకంతోనే అడగాలి. సమాచార హక్కు చట్టం కింద అయితే ఒడిశాలో ఫారం ఎ నింపి, 10 రూపాయల రుసుము కట్టాలి. బయటివాళ్ళు అడిగితే వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపిస్తారు.

మనుషుల మాటలు రికార్డు చేసేటప్పుడు ‘మాస్టారు ఎలాటివోరు?’ అని అడిగితే ‘దేవుడు బాబూ’ అంటారు, అంతటితో సరి. వస్తువు చేతికిచ్చి అడగాలి. పెట్రోమాక్సు లైటు పంపు పుల్ల ఒక ముసలమ్మ చేతిలో పెడితే, ‘ఈ వాషరికి ఆముదం రాయాల, ఎండిపోతే గాలి పట్టదు అనీవోరు. మేంటిలు ఒకసారి కాలినాక ముట్టుకోకండర్రా, బూడిదే అది, పొడయిపోద్ది అనీవోరు’ అని పెళ్ళిళ్ళ సీజన్లో ఎవరెవరి ఇంటికి లైటు వెళ్ళిందో, సూది పెట్టి నాజిలు ఎవరు పొడిచేవారో చెప్పుకుంటూ పోయింది. కూలి ఎంత తీసుకునేవారు అని కూడా అడగాలి. అడగడానికి మొహమాటపడతారు గానీ అక్కడే మనిషి తెలుస్తాడు. సామాను ధర మాత్రం పైసలతో సహా వసూలు చేసేవారని అందరూ ఒకే మాట చెప్పారు. ఉచితంగా చేస్తే విలువ ఉండదని ఆయన నమ్మకం.

ఫోను ఎగిరే మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద ఉంచి, ఫ్యాను ఆపించాలి. మొదట పేరు, ఊరు, తేదీ చెప్పించాలి. ఫైలుని వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపాలి, లేదా కేబులుతో ఎక్కించాలి. సవర ఊళ్ళలో మాట్లాడేవాళ్ళని తెలుగులోకి లాక్కురాకుండా సవరలోనే చెప్పించి, ఆ ఊరి చదువుకున్న కుర్రాడి చేత తెలుగు రాయించాం. ఇదే పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలు మాట్లాడే మాట నేర్చుకుని వాళ్ళకి పుస్తకాలు రాశారు. ఇన్నేళ్ళ తరవాత మనం దుబాసీ కోసం వెతుక్కోవడం సిగ్గుచేటే, కానీ అది వేరే వ్యాసం.

అచ్చు సంగతులు కొన్ని. డీటీపీ చేసేవాళ్ళు ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు అంటారు. మనం ఫోనులో టైపు చేసింది యూనికోడ్. మార్చేటప్పుడు వత్తులు, క్షలు చెదురుతాయి, పొల్లు హల్లులు రూపం మారుస్తాయి. ఒడియా వాక్యాలున్న పుస్తకానికి అసలు ఆ దారి వద్దు. యూనికోడ్‌లోనే ఉంచి, ఇన్‌డిజైన్‌లోనో లిబ్రాఫీస్‌లోనో తెలుగుకి మండలి వంటి ఉచిత ఫాంటుతో పేజీలు పెట్టించుకోవాలి. పీడీఎఫ్ తీశాక ప్రూఫు కాగితం మీదే చూడాలి, అంకెలు ఒకరు చదువుతుంటే ఇంకొకరు నోటుపుస్తకం ఫొటో చూడాలి. అక్షరం తప్పుపోతే పాఠకుడు సర్దుకుంటాడు, 6204 కాస్తా 6240 అయితే ఎవడో బజారుకెళ్ళి తిరిగొస్తాడు.

పుస్తకం డెమీ సైజు, కాగితం 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో. పేజీలు 16 గుణిజంలో ఉంటే కాగితం వృథా కాదు. 64 పేజీల దాకా మధ్య పిన్ను చాలు. అంతకు మించితే బైండింగు చేయించాలి, లేకపోతే పుస్తకం బల్లమీద మూసి ఉండదు. ఫొటో 4 అంగుళాల వెడల్పు రావాలంటే 1200 పిక్సెళ్ళు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటో పొడుగు 1600 పిక్సెళ్ళకి కుదించుకుపోయి ఉంటుంది, నిండు పేజీకి చాలదు. పాత గ్రూపు ఫొటోల్ని అద్దం పగలగొట్టి తియ్యకండి, అంటుకున్న చోట బొమ్మ ఊడి వస్తుంది. అద్దంతోనే పక్కవాటు వెలుగులో తీస్తే మెరుపు పడదు.

పనిముట్లు ఎక్కడ ఉండాలన్నది మాత్రం అందరికీ ఒకేలా నచ్చలేదు. స్కూల్లో గాజు బీరువా అన్నవాళ్ళు ఎక్కువ. హెడ్మాస్టారు బదిలీ అయితే తాళం ఎవరి దగ్గరుందో తెలీదు, స్టాకు రిజిస్టరులో ఎక్కని వస్తువుకి దిక్కులేదు. తోలు రింగులు, తక్కెడ, ఒక నోటుపుస్తకం రిజిస్టరులో నమోదు చేయించి స్కూలికి ఇచ్చాం. పైపు రెంచిలు, చింత దిమ్మలు, రాడ్డు వైసు బోరింగు మెకానిక్‌కి ఇచ్చాం. ఎవరు పట్టుకెళ్ళినా పేరు రాసి సంతకం పెట్టే పద్దు పుస్తకం పెట్టెకే తాడుతో కట్టి ఉంది. అందులో మొదటి పేజీలో మాస్టారి షరతే రాశాం, నలుగురు లేకుండా పైపు ఎత్తకూడదని.

పుస్తకం కాపీలు చదివిన శిష్యుల ఇళ్ళకి సులువుగానే చేరాయి. తెలుగు చదవని ఊళ్ళకి పుస్తకంతో పని లేదు. వాళ్ళు మాట్లాడిన రికార్డులు, బోరింగు విప్పిన వీడియో ఒక మెమొరీ కార్డులో వేసి, ఆ ఊళ్ళో బోరింగు హ్యాండిల్ ఎవరు చూస్తారో వాళ్ళకి ఇచ్చాం.